బీరయ్య గురువు పేజీ

బీరయ్య గురువుకు నిద్రకూ మెలకువకూ మధ్య గోడ ఎప్పుడో కూలిపోయింది. మధ్యాహ్నం పూట ఎల్లారెడ్డిలో కూతురి ఇంటి అరుగు మీద కళ్లు తెరిచే కూర్చుంటాడు. కానీ ఆయన అక్కడ ఉండడు. ఒక్కోసారి నిజాంసాగర్ పక్కన ఏదో పల్లెలో చిరుతల రామాయణం నేర్పుతుంటాడు. ఇంకోసారి బిచ్కుంద అవతల, ఇంట్లో మరాఠీ మాట్లాడే పిలగాండ్లకు తెలుగు పదం నోటికి పట్టిస్తుంటాడు. చేతుల్లో చిరుతలు, ఆ తాళపు చెక్కలు, లేకపోయినా వేళ్లు తాళం వేస్తూనే ఉంటాయి. ఆ వేళ్లను చూసి, తండ్రి ఆ పూట ఏ కాండలో తిరుగుతున్నాడో కూతురు భాగ్యశ్రీ చెప్పేయగలదు. కూతురు ఎవరన్నది మాత్రం ఆయన చెప్పలేడు.

ఆయన్ను ఈ లోకానికి తెచ్చే దారి ఒక్కటే మిగిలింది. ఆదివారం నాడు కామారెడ్డి నుంచి శైలేందర్ బస్సు దిగి వస్తాడు. పక్కన కూర్చుని, ఫోను తీసి, ఇంటర్నెట్‌లోని విజ్ఞానసర్వస్వంలో బీరయ్య మీద ఉన్న పేజీని మెల్లగా చదువుతాడు. ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏయే ఊళ్లలో ఎన్నెన్ని నెలలు ఉండి ఆట నేర్పాడు, అన్నీ అందులో ఉన్నాయి. చదువుతుంటే వేళ్ల తాళం ఆగుతుంది. చివరికి బీరయ్య ఎప్పుడూ ఒకే మాట అడుగుతాడు.

"గిది అందరికి కనవడుతదా?"

అందరికీ కనిపిస్తుందని శైలేందర్ చెబుతాడు. అప్పుడాయన తల ఊపి "నేనే గద" అంటాడు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు భాగ్యశ్రీని పేరు పెట్టి పిలుస్తాడు, పచ్చి పులుసు అడిగి మరీ పోయించుకుంటాడు. భాగ్యశ్రీ ఒకసారి ఆ పేజీనంతా కాగితం మీదికి ఎక్కించి తనే చదివి వినిపించింది. నువ్వు రాసుకొచ్చినవు పోవమ్మా అని తోసేశాడు. లోకం చూస్తున్నదంటేనే ఆయనకు నమ్మకం. పదిమంది ముందు ఆడించి బతికిన మనిషి మరి.

పేజీ రాసింది శైలేందరే. మీసాలు రాని వయసులో బీరయ్య చేతికింద సీత వేషం కట్టినవాడు. ఆ ఆటలో ఆడవేషాలు మగపిల్లలే కట్టేవాళ్లు. ఇప్పుడు నలభై దాటి, పొట్ట పెరిగి, కామారెడ్డి కరెంటాఫీసులో గుమాస్తాగా కుదురుకున్నా గురువుకు అతను "సీతమ్మ"నే. శైలేందర్ అన్న పేరు ఆయన నోట విని ఏళ్లయింది.

ఆఫీసు వేళయ్యాక శైలేందర్‌కు విజ్ఞానసర్వస్వంలో జీతం లేని కొలువు. తప్పులు దిద్దుతాడు, ఆధారాలు లేని పేజీలను తొలగించాలని చర్చకు పెడతాడు. ఆ పనిలో చేయి కాస్త కరుకు అని పేరు. బాన్సువాడ దిక్కు పాత విద్యార్థులెవరో తమ లెక్కల సారు మీద ప్రేమగా ఒక పేజీ రాసుకుంటే, "పత్రికల్లో లేరు, పుస్తకాల్లో లేరు, ఆధారాలు లేవు, తొలగించాలి" అని ఒక్క వరసలో తేల్చేశాడు. ఆ సారుకూ ఇంట్లో ఒక భాగ్యశ్రీ ఉంటుందేమోనన్న ఆలోచన అప్పుడు రాలేదు. మనదాకా వస్తే గాని మనకేదీ తట్టదు, ఏం చేస్తాం.

అతని దాకా ఒక సోమవారం పొద్దున వచ్చింది. బీరయ్య పేజీ నెత్తిన ఎర్రటి పెట్టె, అందులో తొలగింపు ప్రతిపాదన. పెట్టింది అనిల. కామారెడ్డిలోనే ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తుంది. ఆమెకు ఈ పని నేర్పింది శైలేందరే. కారణం దగ్గర ఆమె రాసినది చదివి అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "పత్రికల్లో లేరు, పుస్తకాల్లో లేరు, ఆధారాలు లేవు, తొలగించాలి." శిష్యురాలు పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా వంటబట్టించుకుంది.

ఫోను చేస్తే అనిల నొచ్చుకుంది. ఆ గురువు అతనికి ఇంత దగ్గరని తెలియదంది. "అయినా నియమం నియమమే కదా అన్నా, అచ్చులో వచ్చిన ఆధారం ఒక్కటి చూపియ్యి, నేనే వెనక్కి తీసుకుంట" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. అందుకే అతనికి కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

చర్చ ఆ శనివారం దాకా నడుస్తుంది. ఎంతమంది చేతులెత్తారన్నది అక్కడ లెక్కలోకి రాదు, ఎవరు ఏ ఆధారం చూపారన్నదే లెక్క. చివర్లో చర్చలో పాల్గొనని ఇంకొకరు వచ్చి తీర్పు రాసి మూసేస్తారు.

శైలేందర్ ఆధారం కోసం తిరగని చోటు లేదు. భాగ్యశ్రీ బీరువాలో ఒక పాత పేపరు ముక్క దొరికింది, ఆట చివరి రోజు, పట్టాభిషేకం నాటి వార్త. ఆత్రంగా చదివాడు. కొబ్బరికాయ కొట్టిన నాయకుడి పేరుంది. టెంటు వేయించిన ఆసామి పేరుంది. మైకుసెట్టు ఇచ్చినవాడి పేరు కూడా ఉంది. ఆ మైకులో అందరిచేతా పాడించినవాడి పేరు మాత్రం లేదు.

"పేజీ పోతె ఎట్లనే అన్నా?" అంది భాగ్యశ్రీ. "గది చదివినంకనే నన్ను గుర్తుపడ్తున్నడు. లేకుంటె నేను ఆయనకు పరాయిదాన్నే."

ఆ మాట గుచ్చుకుని, శైలేందర్ తిరుగు బస్సులో ఒక ఫోను చేశాడు. చేయకుండా ఉండాల్సింది. అవతల మల్లేష్, ఒకప్పటి హనుమంతుడు, ఇప్పుడు ఎల్లారెడ్డిలో సెల్‌ఫోన్ల దుకాణం. గురువు పేజీ తీసేస్తారట అని శైలేందర్ అతనితో చెప్పుకుని బాధపడ్డాడు, అంతే.

మర్నాడు మల్లేష్ దుకాణంలో పాత జట్టంతా చేరింది. పొలాల నుంచి కొందరు, స్కూలు బస్సు నడిపే ఒకడు, బీర్కూర్ నుంచి బండి మీద ఇంకొకడు. దుకాణం వైఫై మీద ఒక్కొక్కరికీ ఖాతా తెరిచాడు మల్లేష్. ఊళ్లో ఇప్పటికీ ఎవరి వేషం పేరు వాళ్లదే కనుక ఖాతాలకూ అవే పెట్టాడు. మధ్యాహ్నానికి చర్చ పేజీలో "ఎల్లారెడ్డి రాముడు" రాశాడు: "మా గురువు బీరయ్య పేజీ ఉండాలె." కింద లక్ష్మణుడు అదే రాశాడు. భరతుడు అదే. జటాయువు అదే. రావణుడు కూడా పాత పగలు పక్కనపెట్టి అదే వాక్యం, అవే అక్షరాలు.

వాళ్లు తెలిసి చేసిన తప్పు కాదు. చిరుతల ఆటలో గుండ్రంగా నిలబడ్డవాళ్లకు బీరయ్య నేర్పిన మొదటి ధర్మం వంత. ముందువాడు పాడిన చరణాన్ని ఉన్నదున్నట్టు అందుకోవాలి. ఒక్క మాట మార్చినా చిరుత వీపు మీద పడేది. గురువు కోసం గురువు నేర్పినట్టే చేశారు పాపం. విజ్ఞానసర్వస్వం వాళ్ల కంటికి మాత్రం అది ఒకే మనిషి కట్టిన వేషాల్లా కనబడింది. ఇది వంత, వీళ్లందరూ నిజంగా వేరువేరు మనుషులు అని శైలేందర్ వివరంగా రాశాడు. దీనికి ఆధారం ఉందా అని కింద ఎవరో అడిగారు.

శనివారం తీర్పు వచ్చింది. తొలగించారు. రాముడు మొదలు రావణుడి దాకా అందరి ఖాతాలనూ నిరోధించారు. అనిల మాత్రం విడిగా ఒక సందేశం పెట్టింది: "అన్నా, నాకు మంచిగ అనిపిస్తలేదు."

ఆదివారం బస్సులో శైలేందర్‌కు కునుకు పట్టింది. తాడ్వాయి దాటాక కిటికీలోంచి వచ్చే వరిచేను వాసన కలలోకి కూడా వచ్చింది. పొలం నడుమ కళ్లం, కళ్లంలో జట్టు గుండ్రంగా తిరుగుతోంది. మధ్యలో నేల మీద తెల్లటి పేజీ తుండుగుడ్డలా పరిచి ఉంది. ఒక్కొక్కరే వచ్చి దాని మీద కాలు మోపి, ఏమీ కనబడక వెళ్లిపోతున్నారు. హనుమంతుడు తోక సర్దుకుంటూ, లోపలికి రానిస్తలేరు అంటున్నాడు. వలయం బయట సుద్దముక్క పట్టుకుని ఎవరో పెద్దమనిషి నిలబడ్డాడు. ఎన్నడూ చూడకపోయినా బాన్సువాడ లెక్కల సారేనని శైలేందర్‌కు తెలిసిపోయింది. రండి సారూ అని పిలుద్దామంటే నోరు పెగల్లేదు. అంతలో కండక్టరు ఎల్లారెడ్డి అని కేకేశాడు. సిగ్గుతో లేచి దిగాడు.

అరుగు మీద బీరయ్య వేళ్లు తాళం వేస్తున్నాయి. శైలేందర్ పక్కన కూర్చుని ఫోను తీశాడు. తెర మీద, ఈ పేజీని తొలగించారు అన్న ఒక్క వాక్యం. దాన్నే చూస్తూ, కంఠతా వచ్చిన పేజీని అప్పజెప్పడం మొదలుపెట్టాడు. పుట్టిన ఊరు, నేర్పిన ఊళ్లు అయ్యాక ఎందుకో ఆపబుద్ధి కాలేదు. ఆధారాలు లేవని తానే రాయకుండా వదిలేసిన సంగతులు ఒక్కొక్కటే వచ్చాయి. ఆకలేసి ఏడ్చిన పిలగానికి గురువు తన జొన్నరొట్టెలో సగం తుంచి పెట్టడం. జ్వరంతో ఒళ్లు కాలుతుంటే సీత వేషం కట్టిన పిలగాణ్ని భుజం మీద మోసుకుని ఇంటికి చేర్చడం. అంతా అయ్యేసరికి అతని గొంతు బొంగురుపోయింది.

"గిది అందరికి కనవడుతదా?" అన్నాడు బీరయ్య.

అవునంటే సరిపోయేది. శైలేందర్ నోటికి ఆ అబద్ధం రాలేదు.

"లేదు. తీసేసిండ్రు. గిదంత నాకు యాదికున్నదే చెప్తున్న."

ఈసారి బీరయ్య "నేనే గద" అనలేదు. ఆయన చూపు మెల్లగా ఎక్కడికో జరిగిపోయింది. అయిపోయింది, ఇక ఈ మనిషి తిరిగి రాడు అనుకుని శైలేందర్ తల వంచుకున్నాడు.

"నువ్వెవరు?"

"శైలేందర్‌ను. సీత ఏషం కట్టిన."

"సీత." బీరయ్య కళ్లు చిట్లించాడు. "అశోకవనం కాడ రెండో చరణం ఎన్నడన్న సక్కగ పాడినవా? ఏదీ, పాడు."

శైలేందర్ పాడాడు. ఆఫీసు గొంతు, బొంగురు గొంతు, నడివయసు సీత. రెండో చరణంలో చిన్నప్పుడు తప్పిన చోటే మళ్లీ తప్పాడు. బీరయ్య అరచేత్తో అతని మోకాలి మీద చెళ్లున ఒకటి వేసి ఆ చరణం తానే అందుకున్నాడు. ఒక్కో మాటా ఆపి, విడదీసి, మళ్లీ చెప్పించాడు. వేళ్లు ఇప్పుడు ఉత్తగాలిలో లేవు, శిష్యుడి మోకాలి మీద తాళం కొలుస్తున్నాయి. వీధిలో పోయేవాళ్లిద్దరు ఆగి చూశారు. పాట విని భాగ్యశ్రీ తడిచేతులతో వాకిట్లోకి వచ్చి, దగ్గరికి రావడానికి జంకి గడప మీదే నిలబడిపోయింది.

బీరయ్య తల తిప్పి ఆమె వైపు చూశాడు.

"భాగ్యా, అట్ల సూస్తవేంది బిడ్డా? వీనికి జరన్ని నీళ్లియ్యి. ఇంక శానా పాడాలె."