చారల చొక్కా ఉన్నట్టా, లేనట్టా

ఫోటో స్టూడియో మూతపడిన రోజు మెరుగులక్కకు ఏడుపు రాలేదు. షట్టరు దించుతూ ఓనరు ముక్కు చీదుకుంటుంటే ఆవిడే ఓదార్చి పంపింది. ఏళ్ళ తరబడి ఆ స్టూడియో వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, వచ్చిన వాళ్ళందరి మొటిమలు తీసేసి, మూసుకుపోయిన కళ్ళు తెరిపించి, బట్టతలల మీద మెరుపు తగ్గించిన చేయి ఆవిడది. అందుకే ఆ పేరు. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే, ఎవరినబ్బా అని ఒక క్షణం ఆలోచించి గానీ పలికేది కాదు.

ఇప్పుడు ఆ పని ఎవరి ఫోను వాళ్ళకు చేసిపెడుతోంది. ఇంకో స్టూడియోలో చేరదామంటే ఇంకో స్టూడియో లేదు.

"ఆన్‌లైన్లో పనులిచ్చే సైట్లున్నాయట," అన్నాడు లిఫ్టు మెకానిక్కయిన ఆవిడ భర్త. "మా సూపర్‌వైజరు కూతురు ఇంట్లో కూర్చునే చేసుకుంటోంది. ఫ్రీలాన్సింగంటారు."

"ఫ్రీగా చేయడం ఎందుకురా, మనకేం ఖర్మ?" అంది అత్తగారు. ఆవిడ చెవిన ఆ ఒక్క ముక్కే పడింది.

మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న సందులో ఓ బల్ల వేశారు. స్టూడియో ఓనరు పోతూ పోతూ ఇచ్చిన పాత కంప్యూటరు దాని మీద పెట్టారు. బీరువా తలుపు తీయాలంటే మెరుగులక్క లేచి నిలబడాలి. అత్తగారికి బీరువాతో ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది. ఆఫీసు పని అంటే ఇలా లేచి కూర్చోవడమేనని ఆవిడ కొన్నాళ్ళు నమ్మింది.

సైటులో తన గురించి రాసుకోవాలి, ఫోటో పెట్టుకోవాలి. ఊళ్ళో వాళ్ళందరికీ మెరుగులు దిద్దిన మనిషి కదా, తన ఫోటో దగ్గరికొచ్చేసరికి చేయి కాస్త ఎక్కువే ఆడింది. అత్తగారు వెనక నుంచి చూసి, "ఈ పిల్లెవరు, బాగుందే. మన చిన్నాడికి అడగకూడదూ?" అంది. మెరుగులక్క కళ్ళ కింద గీతలు రెండు మళ్ళీ వెనక్కి తెచ్చుకుంది.

ఆ తర్వాత కనిపించిన పనికల్లా అర్జీ పెట్టింది. ఒక్కరూ పలకలేదు. అందరికీ ముందు ఎక్కడో చేసిన వాళ్ళే కావాలి, వాళ్ళ పేరు పక్కన నక్షత్రాలుండాలి. ఎవరో ఒకరు పని ఇస్తే కదా నక్షత్రాలు వచ్చేది. విసిగిపోయి, స్టూడియో బోర్డు మీది భాష గుర్తు తెచ్చుకుని తన పేరు కింద ఒక వాక్యం తగిలించింది: "మీకు తృప్తి కలుగు వరకు ఎన్నిసార్లయినను మార్చి ఇవ్వబడును."

మర్నాడే పని వచ్చింది. పంపినావిడ తన మొహం బదులు గులాబీ పువ్వు బొమ్మ పెట్టుకుంది. కాబట్టి మెరుగులక్క ఇంట్లో వాళ్ళకు ఆమె గులాబీ ఆవిడ అన్న పేరు స్థిరపడిపోయింది.

కొత్త ఇంట్లో దిగిన కుటుంబం ఫోటో. పెద్దది చేయించి హాల్లో గోడకు పెట్టుకుంటారట. గులాబీ ఆవిడ, ఆవిడ భర్త, అత్తగారు, ఆడపడుచు, మధ్యలో చారల చొక్కా వేసుకుని ఆడపడుచు భర్త. ఆయన చంకలో గులాబీ ఆవిడ కూతురు, రెండేళ్ళ పాప. "చారల చొక్కా ఆయన్ని తీసేయాలి," అని రాసింది గులాబీ ఆవిడ. అంతటితో ఆగకుండా కారణం కూడా రాసింది. ఇల్లు చూడ్డానికి వచ్చిన వాళ్ళందరి ముందూ ఆయన, "ఇల్లు బాగుందమ్మా. మెట్లు మాత్రం ఎవరో కోపంలో కట్టినట్టున్నాయి" అన్నాడట. మెట్ల ప్లాను గీసింది గులాబీ ఆవిడే.

తీసేయమన్నంత తేలిక కాదు తీసేయడం. ఆయన్ని తీసేస్తే పాప గాల్లో వేలాడుతుంది. ఆయన భుజం చాటున గులాబీ ఆవిడ భర్త చెవి ఒకటి ఎటుపోయిందో తెలీదు. మెరుగులక్క ఒక కుర్చీ తెచ్చి పాపను అందులో కూర్చోబెట్టింది. భర్తకు చెవి ఒకటి అతికించింది. అంతా కుదిరింది గానీ, పాప మాత్రం ఇంతకు ముందు ఆయన మొహం ఉన్న ఖాళీ వైపే చూసి నవ్వుతోంది. అది చూస్తే మెరుగులక్కకు ఎందుకో మనసొప్పలేదు. అయినా పని పనే కదా అని పంపించింది.

"మా ఆయన చెవి ఇలా ఉండదు," అని జవాబొచ్చింది.

చెవి మార్చి పంపింది. ఆ సాయంత్రానికి ఇంకో కబురు: "ఆయన్ని మళ్ళీ పెట్టేయండి. ఫోన్ చేసి, ఏమ్మా కోపమొచ్చిందా అని అడిగారు. పాపం మనిషి మంచివాడే."

పెట్టింది. రెండు రోజులు గడిచాయి. "తీసేయండి. ఇవాళ ఒక దీపం కొనుక్కొచ్చారు. మెట్ల దగ్గర పెట్టుకోండి, ఎవరూ పడకుండా ఉంటారు అని చేతికిచ్చారు."

మెరుగులక్క ఇంట్లో ఇప్పుడు అన్నాల దగ్గర ఇదే మాట. భర్త డ్యూటీ దిగి చేతులైనా కడుక్కోకుండా, "చారల చొక్కా ఉన్నాడా, పోయాడా?" అని అడిగేవాడు. అత్తగారు బీరువా ఊసెత్తడం మానేసి, కుర్చీ లాక్కుని బల్ల పక్కనే మకాం పెట్టింది. "నన్నడిగితే తప్పు ఆ పిల్లదే," అని ఒకరోజు, "అయినా ఇంటికొచ్చినవాడు అంతమాట అనొచ్చా?" అని ఇంకోరోజు తీర్పులిచ్చేది.

"మనం ఎవరి పక్షమూ కాదత్తయ్యా. చెప్పింది చేయడమే," అనేది మెరుగులక్క. లోపల మాత్రం చారల చొక్కాను తిరిగి పెట్టమన్న ప్రతిసారీ ప్రాణం తేలికపడేది. ఆయన చొక్కా మీద చారలు ఎన్నున్నాయో, ఏ చార ఎక్కడ వంకర పోయిందో ఆవిడకు కళ్ళు మూసుకున్నా తెలిసేది. అన్నేసి గంటలు చూశాక మనిషి చుట్టమైపోతాడు.

ఇలా తీసి పెట్టి, పెట్టి తీసి తల ప్రాణం తోకకొచ్చింది. పని పూర్తయిందని గులాబీ ఆవిడ నొక్కితే గానీ ఈవిడ పేరు పక్కన నక్షత్రం పడదు. ఎన్నిసార్లయినను అని తనే రాసుకుంది, ఎవరినని ఏం లాభం?

ఇంతలో సంగతి ఆడపడుచు చెవిన పడింది. ఆయన లేని ఫోటోలో నేనెందుకు, నన్నూ తీసేయమను అందట. కూతురు లేని ఫోటోలో నాకేం పని అని గులాబీ ఆవిడ అత్తగారు కూడా తప్పుకుంది. "అందరినీ తీసేయండి," అని రాసింది గులాబీ ఆవిడ. అక్షరాల్లోనే మొహం ముడుచుకున్నట్టు కనిపించింది.

తీసేసింది. మిగిలింది ఒక చివర మొగుడూ పెళ్ళాలు, ఇంకో చివర కుర్చీలో పాప. మధ్యలో ఊరంత ఖాళీ. దాన్ని దేనితో నింపాలి? వెనకాల మెట్లున్నాయని తెలుసు, అవెలా ఉంటాయో తెలీదు. "మీ మెట్ల ఫోటో ఒకటి పంపండి మేడమ్," అని అడిగింది.

వచ్చింది. మెరుగులక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఫోన్లో పంపేటప్పుడు ఫోటోలు అప్పుడప్పుడూ పక్కల నుంచి నొక్కుకుపోయి వస్తుంటాయి. స్టూడియోలో ఇలాంటివి బోలెడు చూసింది. అందుకని ఏ కల్మషమూ లేకుండా రాసింది: "మేడమ్, ఫోటో రెండు పక్కలా నొక్కుకుపోయి సన్నగా వచ్చింది. మెట్లు నిచ్చెనలా కనిపిస్తున్నాయి. దయచేసి సరిగ్గా తీసి పంపగలరు."

పంపేశాక భర్తకు చూపించింది. ఆయనకు మెట్లంటేనే చిన్నచూపు. బొమ్మలో మెట్ల పక్కనున్న దీపాన్ని వేలితో చూపించాడు. "దీపం గుండ్రంగానే ఉందిగా. ఫోటో నొక్కుకుపోతే అది కూడా కోడిగుడ్డులా అవ్వాలి."

మెరుగులక్క బొమ్మను మళ్ళీ చూసింది. నొక్కుకుపోయింది ఫోటో కాదు, మెట్లే.

గులాబీ ఆవిడ నుంచి చడీచప్పుడూ లేదు. మర్నాడూ లేదు. ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, కింద నాలుగు తిట్లు రాసి పోతుందని, ఇంకెవరూ తన గడప తొక్కరని మెరుగులక్క ఖాయం చేసుకుంది. పక్క వీధిలో జిరాక్సు షాపులో మనిషి కావాలన్న కాగితం గుర్తొచ్చి, వెళ్ళి చూసి కూడా వచ్చింది.

"నువ్వేమన్నావు? ఉన్నమాటే అన్నావు," అంది అత్తగారు.

"ఆయనా ఉన్నమాటే అన్నాడత్తయ్యా. చూశారుగా ఎన్నిసార్లు తీశానో."

ఆ మధ్యాహ్నం గులాబీ ఆవిడే ఫోన్ చేసింది. మెరుగులక్క లేచి నిలబడి మాట్లాడింది. అత్తగారు బీరువాకు ఆనుకుని చెవి దగ్గరగా పెట్టింది.

"మీ మెసేజీ చూసి ఒళ్ళు మండిపోయింది," అంది గులాబీ ఆవిడ. "మా ఆయనకు చూపించాను. ఆయన గదిలోకి పోయి తలుపేసుకుని నవ్వుకున్నారు. అప్పుడు టేపు పట్టుకుని నేనే వెళ్ళి కొలిచాను. కొలుస్తుంటే మా అత్తగారు పైనుంచి దిగుతున్నారు. పక్కకు తిరిగి, పీతలాగా. ఎన్నాళ్ళ నుంచి ఇలా దిగుతున్నారని అడిగాను. వచ్చిన రోజు నుంచీనట. కొత్త ఇల్లు కదా, ఇలాగే దిగాలేమో అనుకున్నారట."

మెరుగులక్క పెదవి కొరికి పట్టుకుంది. అత్తగారు అంత శ్రమ తీసుకోలేదు, పైకే నవ్వేసింది.

"అక్కడ ఎవరో నవ్వుతున్నారు," అంది గులాబీ ఆవిడ.

"మా అత్తగారండీ. చారల చొక్కా ఆయనంటే మా ఇంట్లో అందరికీ అభిమానం."

అవతల ఆవిడ కూడా నవ్వింది. "అన్నయ్యగారికి ఫోన్ చేశాను. ఏదో నోరు జారానమ్మా అన్నారు. మీ నోరు జారితే జారింది, కాలు జారలేదు, అదే పదివేలు అన్నాను. మేస్త్రీ వచ్చి చూసి వెళ్ళాడు. మీరు అందరినీ పెట్టేయండి. మా ఆయన చెవి కూడా పాతదే పెట్టేయండి."

అందరినీ, ఎక్కడి వాళ్ళను అక్కడే, చెవి కూడా భుజం చాటునే. అంటే మొదట వచ్చిన ఫోటోయే. మెరుగులక్క దాన్నే తీసి పంపింది. ఊరుకోలేక నిజం కూడా రాసింది: "మేడమ్, ఇది మీరు మొదట పంపినదే. నేను చేయి పెట్టలేదు."

"ఊరుకోండి, అప్పుడు ఇంత బాగా ఎక్కడుంది?" అని జవాబొచ్చింది. దాని వెనకే అయిదు నక్షత్రాలు, వాటి కింద నాలుగు మాటలు: "ఎంతో ఓపిక గల మనిషి. పనితనం ఎలాంటిదంటే, అసలు ఎవరూ ముట్టుకున్నట్టే ఉండదు."

ఆ మాటలు మెరుగులక్క రెండుసార్లు చదువుకుంది. సిగ్గుపడాలో సంతోషించాలో తేలలేదు. భర్త మాత్రం వాటిని ఫోనులో ఫోటో తీసుకుని సూపర్‌వైజరుకు చూపిస్తానని పట్టుకుపోయాడు. ఆవిడ ముందుగా చేసిన పని, తన పేరు కింద "ఎన్నిసార్లయినను" అన్నది కొట్టేసి "రెండు మార్లు" అని రాయడం.

వారం తిరక్కుండానే ఒక చెప్పుల దుకాణం నుంచి పెద్ద పని వచ్చింది. జతల కొద్దీ చెప్పుల ఫోటోలు. వెనక ఉన్నదంతా తీసేసి తెల్లగా చేస్తే చాలు. చెప్పులు అలగవు, ఫోన్లు చేయవు, ఒకటి లేకపోతే నేనూ ఉండనని పేచీ పెట్టవు. మెరుగులక్క హాయిగా ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోతోంది.

అత్తగారు అలవాటు కొద్దీ కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంది. కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది. ఈ పనిలో చెప్పుకోవడానికి ఏమీ లేదని తేలి ఉసూరుమంది. లేవబోయి, మళ్ళీ కూర్చుని, తెర దగ్గరగా మొహం పెట్టింది.

"అమ్మాయ్," అంది మెల్లగా, "ఈ జతలో ఎడమది కాస్త ముభావంగా లేదూ?"