గిరిబాబు చెవి

పద్దెనిమిది రోజులుగా కదలని పికప్ బండికి గిరిబాబు పొద్దున్నే అద్దం తుడుస్తున్నాడు. ముందు తడిగుడ్డ, తరవాత పొడిగుడ్డ, ఆ తరవాత పాత హిందీ పేపరు ఉండచుట్టి గుండ్రంగా రుద్దడం. అద్దం అయ్యాక వైపర్లు పైకెత్తి రబ్బరు తుడిచాడు. నాలుగు టైర్లనూ బొటనవేలితో నొక్కి చూశాడు. తలుపు తీసి సీటు దులిపి, స్టీరింగు ముందు ఓ నిమిషం కూర్చుని దిగాడు. బానెట్ జోలికి మాత్రం పోలేదు. దాని కింద ఇంజిన్ లోపలి రాడ్డు విరిగి, ఇనప గోడను పగలగొట్టుకుని, పిడికిలి పట్టేంత కన్నం చేసుకుని బయటికొచ్చి ఉంది. దాన్ని ఒకసారి చూశాడు, రెండోసారి చూసే ధైర్యం లేకపోయింది.

ఉషారాణి టీ గ్లాసుతో వచ్చింది. ముందు భర్త భుజం తట్టి, అతను ఇటు తిరిగాక మాట్లాడింది. ఏడాదిగా ఆమె పద్ధతి అదే. ఎందుకలా అని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

“తుడిచిందే తుడుస్తన్నారేటి? మెకానిక్కు ప్రసాదు వచ్చీ వేళయింది. ఈ పూటయినా ఇంజిన్ సంగతి తేల్చుకోండి. ఇంట్లో కూకుంటే మీకూ తోచదు, మిమ్మల్ని చూస్తా నాకూ తోచదు.”

“తేల్చీస్తాను” అన్నాడు గిరిబాబు, ఆమె పెదాల మీంచి చూపు తిప్పకుండానే.

అతనికి అరవై ఒకటి. మనిషి సన్నం, పొడవు. చెవులు మాత్రం ఇద్దరికి సరిపోయేంతవి. దేవుడు ఒకచోట పిసినారితనం చేసి ఇంకోచోట సర్దుబాటు చేశాడని పెళ్ళయిన కొత్తలో ఉషారాణి నవ్వేది. ఖాకీ చొక్కా వేసుకుంటాడు, దాని జేబులో ఎప్పుడూ ఓ పొడవాటి స్క్రూడ్రైవరు ఉంటుంది. చదువుకున్నవాళ్ళు పెన్ను పెట్టుకున్నట్టు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరికి ట్రాన్స్‌ఫరైనా, ఎవరు రిటైరైనా సామాను ఎక్కేది గిరిబాబు బండే. ఇరవయ్యేళ్ళుగా అంతే. మంచాలు, బీరువాలు, ఊరగాయ జాడీలు, కోటతో సహా తులసి మొక్క. దేవుడి పటాలు మాత్రం వెనక వేయనిచ్చేవాడు కాదు. ఇంటావిడ వాటిని ఒళ్ళో పెట్టుకుని తన పక్క సీట్లో కూర్చోవలసిందే. క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళే ఆడవాళ్ళు దారిలో ఏడుస్తారు. గిరిబాబు రోడ్డు వంకే చూస్తూ, గతుకులు తప్పిస్తూ, ఏమీ ఎరగనట్టు నడిపేవాడు. అతనికీ రైల్వే ఉద్యోగం మీద ఆశ ఉండేది. రెండుసార్లు పరీక్ష రాశాడు, రెండుసార్లూ పేరు రాలేదు. తండ్రి రిటైరై క్వార్టరు వదిలిన రోజున సామానుకి బండి దొరక్క ఊరంతా తిరిగి తిరిగి, ఈ పనేదో మనమే చేస్తే పోలా అనుకున్నాడు. తోర్వా పేటలో రెండు గదుల ఇల్లు, కూతురి చదువు, దాని పెళ్ళి, అన్నీ ఆ బండి మీదే జరిగాయి.

ఇదంతా ఒక ఎత్తు, అతని చెవి ఒక్కటీ ఒక ఎత్తు.

తండ్రి అప్పలస్వామి స్టేషన్లో చక్రాలు కొట్టేవాడు. రైలు ఆగగానే పొడుగు పిడి సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టి, ఆ మోత వింటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు. మంచి చక్రం ఖంగుమంటుంది. పగులున్న చక్రం ఓటికుండలా పలుకుతుంది. ఎనిమిదేళ్ళ గిరిబాబుని ప్లాట్‌ఫారం అంచున నిలబెట్టి, “కళ్ళు ముయ్యరా. కళ్ళు తెరుచుకునుంటే చెవి సోమరైపోద్ది” అనేవాడు. ఆ అలవాటే కొడుక్కి ఇంజిన్ల దగ్గర పనికొచ్చింది. స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటే చాలు, లోపల ఏ భాగం ఎంత అరిగిందో చెప్పేసేవాడు. ఊరి చివర సిర్గిట్టిలో పాత ఇంజిన్లు అమ్మే చోట్ల అతను వినకుండా ఏ డ్రైవరూ ఇంజిన్ కొనేవాడు కాదు. “కాకా విన్నారా?” అని అడిగేవాళ్ళు. విన్నారంటే ఇక కాగితాలతో పని లేదు. దానికి అతను టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. అందరూ తన మొహం వంక చూస్తూ ఊపిరి బిగబట్టే ఆ నిమిషమే అతనికి ఉద్యోగం రాని లోటు తీర్చేది.

ఎడమ చెవి ఆరేళ్ళ కిందటే పోయింది. కుడి చెవి ఉంది కదా అని పట్టించుకోలేదు. కిందటి చలికాలం నుంచి కుడిచెవిలో కుళాయి విప్పి వదిలేసినట్టు ఒకటే హోరు. కూతురు పట్టుబట్టి చెవి మిషను కొనిపెట్టింది. అది పెట్టుకుంటే గిన్నెలు, హారన్లు, కుక్కలు అన్నీ కలిసి ఒక్కసారి మీద పడేవి, మాటలు మాత్రం దొరికేవి కావు. మిషను బీరువాలో చీరల కింద చేరింది. ఈ సంగతి ఇంటి గడప దాటలేదు.

బండి పోయింది కూడా అందువల్లే. ఆగే ముందు రెండు నెలల పాటు ఇంజిన్ ఠకఠకా కొట్టుకుందట. వీధిలో అందరూ విన్నారు. టీ కొట్టులో విన్నారు. మెకానిక్కు రాంప్రసాద్ అయితే రోజూ విన్నాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. గిరిబాబుకి ఇంజిన్ చప్పుడు గురించి చెప్పేంత మొనగాడెవడు? “దసరా దాటించీసి ఇంజిన్ ఇప్పుతావనుకున్నాను మావా. నీకు నేను చెప్పడవేటి?” అన్నాడు రాంప్రసాద్, కన్నం పడిన రోజున. “అవున్రా, దాటించీద్దారనే” అని గిరిబాబు అబద్ధమాడాడు. ఆ ఒక్క మాట ముందు చెప్పి ఉంటే ఇంజిన్ బతికేది. చెప్పనందుకు ఎవరినీ అనడానికి లేదు.

తొమ్మిదింటికి రాంప్రసాద్ స్కూటరు మీద వచ్చి అతన్ని ఎక్కించుకున్నాడు. రాంప్రసాద్ నాన్న, గిరిబాబు నాన్న ఒకే వరస క్వార్టర్లలో ఉండేవారు. నలభై ఏళ్ళవాడు, చేతిలో పనున్నవాడు, గిరిబాబు ముందు మాత్రం ఇప్పటికీ శిష్యుడిలాగే నిలబడతాడు.

సిర్గిట్టిలో దిలీప్ సాహు యార్డు రైల్వే లైను గోడకి ఆనుకుని ఉంటుంది. గిరిబాబు కోసం అతను మూడు ఇంజిన్లు ఇనప స్టాండ్ల మీద బిగించి, బ్యాటరీ తగిలించి, డీజిల్ సీసాలు తాళ్ళతో వేలాడదీసి ఉంచాడు. మొదటిది కడిగి రంగేసింది. రెండోది నూనె మరకలతో నల్లగా ఉంది. మూడోది విప్పి బాగుచేసింది. కాకా తన బండికే ఇంజిన్ ఏరుకుంటున్నాడని తెలిసి నలుగురు డ్రైవర్లు కూడా చేరారు. ఒకడు ఫోన్లో పాట ఆపేశాడు. ఇంకొకడు బీడీ కింద పడేసి నలిపాడు.

“సునియే కాకా” అంటూ దిలీప్ మొదటిది స్టార్ట్ చేశాడు.

గిరిబాబు స్క్రూడ్రైవరు ఆనించాడు. హోరు. తన చెవిలోదో, ఇంజిన్‌దో తెలియని హోరు. రాంప్రసాద్ మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని చూశాడు. రాంప్రసాద్ ఇతని మొహం వంక చూస్తున్నాడు. దిలీప్ కూడా ఇతని మొహం వంకే చూస్తున్నాడు.

“అచ్ఛా. తరవాతది” అన్నాడు.

రెండోదాని దగ్గరా అంతే. పిడి వణుకు అరచేతికి తెలుస్తోంది గాని, ఆ వణుకులో మంచేదో చెడేదో విడదీసే చెవి లేదు. ఊఁ అన్నాడు, తలాడించాడు. ఆ తలాడింపుకి డ్రైవర్లు కూడా తలలాడించారు.

మూడోదాని దగ్గర కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తండ్రి చెప్పినట్టే. ఒక్కసారి వినిపించు, ఈ ఒక్కసారికి చాలు అని ఎవరిని వేడుకున్నాడో అతనికే తెలియదు. పిడి చెవికి మరింత అదిమాడు. వణుకు దవడ దాకా పాకింది. సన్నగా, ఒకే తీరుగా, ఎక్కడా తడబడకుండా వస్తోంది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

“బహుత్ సాఫ్ హై” అన్నాడు కళ్ళు మూసుకునే. తరవాత తెలుగులో రాంప్రసాద్‌తో, “ఇదేరా. ఆ రెండిటికన్నా ఇదే నయం. ఎంత నెమ్మదిగా ఉందో చూడు.”

కళ్ళు తెరిచాడు. గోడ అవతల బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. దిలీప్ చేతిలో ఖాళీ డీజిల్ సీసా ఉంది. డ్రైవర్లలో ఒకడు చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాడు. ఎవరూ నవ్వలేదు. చివరి వ్యాగను దాటిపోయింది. గిరిబాబు చేతిలో స్క్రూడ్రైవరు వణకడం మానేసింది.

ఇంజిన్ ఎప్పుడో ఆగిపోయింది. ఇంతసేపూ అతను మెచ్చుకున్నది గూడ్సుబండి పోతుంటే అదిరిన నేలని.

“డీజిల్ అయిపోయింది కాకా. మళ్ళీ పోస్తాను, మళ్ళీ వినండి” అన్నాడు దిలీప్ హిందీలో, అవసరానికి మించిన మర్యాదతో. గిరిబాబుకి ఆ మాటలు వినబడలేదు గాని మర్యాద కనబడింది. వాళ్ళు నవ్వి ఉంటే బాగుండునని అనిపించింది.

రాంప్రసాద్ అతన్ని చెయ్యి పట్టుకుని గేటు బయట టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టాడు. ఎదురుగా కూర్చుని, ప్రతి మాటా విడివిడిగా, గట్టిగా పలికాడు.

“ఎప్పట్నుంచి మావా?”

గిరిబాబు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

“రెండోది బావుంది. నేను విన్నాను. అదే బిగించీద్దాం. వాళ్ళ నోళ్ళు నేను మూయిస్తాను. నువ్వు బెంగెట్టుకోకు.”

“ఇంజిన్ నువ్వింటావు, సరే. రోడ్డు మీద ఎవులింటార్రా?”

రాంప్రసాద్ ఏదో అనబోయాడు. గిరిబాబు చేత్తో ఆపి, ఎవరికీ చెప్పనిది చెప్పాడు.

“ఎండాకాలంలో ఊరవతల కోనీ నుంచి హాస్టలు మంచాలేసుకొస్తన్నాను. వెనకాతల అంబులెన్సు. ఎంతసేపు కూసిందో నాకు తెల్దు. సందు దొరికి అది నా పక్కకొచ్చినప్పుడు, ఆ డ్రైవరు నోరు తిరగడం చూసేను, తిడతన్నాడని. కిటికీలోంచి ఎవులో ముసలావిడ పాదాలు కనపడ్డాయి. ఆవిడ బతికిందో లేదో, ఎవుల్నని అడుగుతాను? ఏ ఆస్పత్రికెళ్ళి అడుగుతాను?”

అని ఏడ్చాడు. నలుగురూ చూస్తున్నారని తెలిసీ ఆపుకోలేకపోయాడు. రాంప్రసాద్ మెకానిక్కు, విరిగింది మార్చడం తెలుసు. ఇది మార్చే భాగం కాదు.

“అయినా బండి ఎక్కీవాణ్ణే” అన్నాడు గిరిబాబు మొహం తుడుచుకుంటూ. “ఇంజినే పోకపోతే ఇయ్యాలా ఎక్కీవాణ్ణి. దిగమని నాకు నేను చెప్పుకోలేపోయాను. రెండోదే వెయ్యి. బండి నువ్వే ఉంచుకో. సాయంత్రమే తీస్కెళ్ళిపో, రేపంటే మళ్ళీ ఎక్కీస్తాను.”

నాలుగు గంటలకు దిలీప్ జీపు తోర్వా సందులోకి వచ్చింది. జీపు వెనక తాడు బండికి కట్టారు. గిరిబాబు లోపలి నుంచి తువ్వాలు, కాగితాల సంచి తీసి అరుగు మీద పెట్టాడు. ఉషారాణి గుమ్మంలోకి వచ్చి, తాడు చూసింది, ఖాళీ అయిన సీటు చూసింది, రాంప్రసాద్ దించుకున్న తల చూసింది. వంటింట్లోకి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి బండి ముందు బొట్టు పెట్టింది.

“జాగర్తగా లాగించు ప్రసాదూ” అంది.

స్టీరింగు ముందు రాంప్రసాద్ కూర్చున్నాడు. జీపు కదిలింది, తాడు బిగిసింది. ఇంజిన్ పోయిన బండి చప్పుడు చెయ్యకుండా సందు మలుపు దాకా వెళ్ళి తిరిగిపోయింది. ఇంకా అక్కడే చూస్తూ గిరిబాబు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. వెనక నుంచి ఉషారాణి ఏదో అంది. భుజం తట్టడం ఈసారి ఆమె మరిచిపోయింది. గుర్తొచ్చి దగ్గరికొచ్చి తట్టింది.

“ఏటన్నావు?” అన్నాడు.

“ఏం లేదు. లోపలికి రండి” అంది, కళ్ళు ఒత్తుకుంటూ.

బండి ఆగేచోట, వెనక చక్రం జరగకుండా ఇన్నేళ్ళూ అడ్డం పెట్టిన పాత రైలు పట్టాల కింది స్లీపరు చెక్క ముక్క, నడుమ టైరు ఒత్తి ఒత్తి నున్నగా పడిన గుంటతో, ఎండలో ఉండిపోయింది.