ఎడమ చెవి దిండు

కడప ఎర్రముక్కపల్లెలో మహాదేవి పొద్దున లేచి మొదట ఊడ్చేది వీధివైపు గది. అక్కడ కిటికీ పక్కన ఒక పేము కుర్చీ ఉంది. దాని కిందికి చీపురు పోగానే నల్లటి పొట్టు కదిలి పాడటం మొదలుపెడుతుంది. సగం పద్యం, పావు భజన, ఒక తబలా దెబ్బ, ఎవరిదో దగ్గు. ఆమె అన్నింటినీ చేటలోకి ఎత్తుతుంది. చేట కదిలినంతసేపు పలికి, బుట్టలో పడ్డాక సద్దుమణుగుతాయి. చెత్తబండామె బుట్ట అందుకుంటూ, "ఈ పొద్దు భజన ఎక్కువుండాదే అక్కా" అని బండిలోకి వంచుకొని పోతుంది. అప్పుడప్పుడు చీమలు ఒక పొట్టురేకును గోడ వెంబడి మోసుకుపోతుంటే గోడ పొడుగునా హార్మోనియం వినిపిస్తుంది. మహాదేవి ఆ దారిలో పసుపు చల్లి తన పనిలో తాను పడుతుంది.

ఆ పొట్టు ఆమె భర్త వీరభద్ర హెడ్‌ఫోన్ల నుంచి రాలేది.

వీరభద్ర ఒకప్పుడు మహానంది రికార్డింగ్ స్టూడియోలో సౌండు చూసేవాడు. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. పాత బస్టాండు వెనక సైకిళ్ళ కొట్టు మేడ మీద, గోడలకు గోనెసంచులూ కోడిగుడ్ల అట్టలూ కొట్టిన రెండు గదులు. నాటకాల పద్యాలు, అయ్యప్ప భజనలు, ఎన్నికలప్పుడు ఆటోల్లో తిరిగే కేకలు, అన్నీ అక్కడే క్యాసెట్లయ్యేవి. కింద కొట్టులో ట్యూబు పేలితే పైన పద్యం మళ్ళీ మొదటినుంచి పాడాల్సిందే. ఆ రోజుల క్యాసెట్లలో ఏదో ఒకచోట సైకిలు గంట ఉంటుంది, ఓపికగా వింటే. అలాంటి చోటికి వీరభద్ర మద్రాసు నుంచి జర్మనీ హెడ్‌ఫోన్లు కొని తెచ్చుకున్నాడు. భార్య గాజుల కోసం దాచుకున్నదాంతో కొన్నాడని ఒక పుకారు ఉంది. మహాదేవి దాన్ని ఇంతవరకు కొట్టిపారేయలేదు.

ఆ స్టూడియోకు పేరు తెచ్చినవాడు కమలాపురం ప్రేమయ్య. పద్యం ఎత్తుకుంటే కింద సైకిళ్ళవాళ్ళు కూడా సుత్తి ఆపేవాళ్ళు. రెండేళ్ళ కిందట గొంతులో జబ్బు ముదిరితే వేలూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద ఊపిరికి ఒక బెజ్జం, దాని మీద పల్చటి తెల్లగుడ్డ, చేతిలో పిల్లల పలక. అదీ ఇప్పుడు ప్రేమయ్య.

స్టూడియో మేడ మీద ఇప్పుడు జిరాక్సు కొట్టు ఉంది. హెడ్‌ఫోన్లు మాత్రం వీరభద్రతో ఇంటికొచ్చాయి. లోపలి సౌండు ఇంకా నికార్సుగానే ఉంది. చెవులకు ఆనే ప్యాడ్లే, మహాదేవి వాటిని చెవి దిండ్లు అంటుంది, పెచ్చులూడుతున్నాయి. అందులోనూ ఎడమది మరీ అన్యాయం. కుడిది కాస్త నయం. సౌండు చూసేవాళ్ళు ఒక చెవి మైకుకు, ఒక చెవి మనుషులకు ఇస్తారు. వీరభద్ర ఎడమది పెట్టుకొని కుడిది చెవి వెనక్కి తోసుకునేవాడు. కాబట్టి విన్నదంతా ఎడమ దిండులోకే ఇంకింది. ఇంకో అలవాటు అతని సొంతం. పద్యం అయిపోగానే టేపు ఆపేవాడు గానీ మైకు ఆపేవాడు కాదు. అద్దం అవతల వాళ్ళు చెమట తుడుచుకుంటూ ఏం మాట్లాడుకుంటారో వినడం అతనికి సరదా.

"మెడంతా మసి పూసుకున్నట్టుండాది. దిండ్లన్నా మార్చు, ల్యాకుంటే ఇల్లన్నా మార్చు" అంది మహాదేవి ఒకరోజు.

వీరభద్ర ఫోనులో వెతికి, నచ్చనివి వెనక్కి పంపే షరతు మీద మూడు జతల ప్యాడ్లూ రెండు వైర్లూ తెప్పించాడు. కొరియరువాళ్ళకు తమ సందు దొరకదు కాబట్టి స్నేహితుడు ఓబులేసు బట్టల కొట్టు చిరునామా ఇచ్చాడు. వై.వి. వీధిలో ఆ కొట్టు వాళ్ళ తాత నాటిది. వీరభద్ర వెళ్ళేసరికి ఓబులేసు పార్శిళ్ళు తనే విప్పి, చీరలు పరిచే తెల్లపరుపు మీద ప్యాడ్లను వరసగా పెట్టుకొని కూర్చున్నాడు.

"రాప్పా, కూర్చో. మెత్తన సంగతి నన్నడగల్ల గాని ఫోన్నడిగితే ఏం తెలుస్తాది?" అంటూ ఓబులేసు ఒక ప్యాడును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. "ఇది వెల్వెట్టు. గాలి ఆడతాది. మన ఎండలకు ఇదే మేలు."

వీరభద్ర దాన్ని బిగించి, ఫోనులో ఒక కచేరీ పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. "చల్లగానే ఉండాది. మృదంగానికి ఎడమపక్క గుమ్మనే తొప్పిని ఎవురో ఎత్తుకపోయినట్టుండాది."

"అయితే గొర్రెతోలుది చూడు."

"ఆఁ, తొప్పి వచ్చింది. చెమటా వచ్చింది."

"పక్కలకు తోలు, ముఖానికి వెల్వెట్టు, ఇది?"

"ఇది కొత్తల్లుడప్పా. ఎవురి పక్కా గట్టిగా మాట్లాడదు."

వైర్ల దగ్గర ఓబులేసుకు హుషారెక్కింది. పాత వైరు ఎండిన మునక్కాయలా బిగుసుకుపోయి, తల తిప్పితే ఒక చెవి మూగబోతోంది. కొత్తవాటిలో ఒకటి ఉత్త రాగి, ఇంకొకటి రాగి మీద వెండి పూత.

"వెండి పూతంటే మా జరీనే గదప్పా! ఒక్క పోగు ఇయ్యి, గీరి చూస్తా."

"గీరితే వాపసు తీసుకోరు సామీ. వెండిదైతే సౌండులో తళతళ ఎక్కువంటారు. నాకు తళతళ ఎందుకు? వైరు చొక్కాకు రాసుకుంటే చెవిలో ఎలుక తిరిగినట్టు వినపడకూడదు, అంతే." వీరభద్ర రెండింటినీ చొక్కా మీద అటూ ఇటూ లాగి విన్నాడు. నూలు అల్లిక ఉన్న రాగి వైరు చప్పుడు చేయలేదు. అప్పట్లో స్టూడియో బల్ల కింద తిరగడానికి బారెడు బారెడు వైరు కావలసి వచ్చేది. ఇప్పుడు కుర్చీ నుంచి కిటికీ దాకా చాలు. పొట్టిది తీసుకున్నాడు.

"కడాకు నూలే గెలిచింది" అన్నాడు ఓబులేసు, తనే వడికినట్టు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ప్రేమయ్య ఎట్లుండాడు?" అన్నాడు.

"ఇల్లిడిచి శ్రీశైలం పోతాడంట. పెండ్లాము గంగక్క ఫోను చేసి ఏడ్చింది."

ఓబులేసు ప్యాడ్లను పెట్టెల్లో సర్దాడు. గొర్రెతోలుది తేనా అని మహాదేవిని ఫోనులో అడిగితే "ఎండాకాలం చెవులు ఉడకబెట్టుకుంటావా?" అంది. అందుకని వీరభద్ర వెల్వెట్టు జత పట్టుకొని ఇంటికొచ్చాడు.

పాత ప్యాడ్లు ఊడదీస్తే ఎడమది కాల్చిన అప్పడంలా చేతిలోకి వచ్చింది. మహాదేవి పారేయడానికి కాగితం పట్టుకుంది. అంతలో గంగక్క గడపలో నిలబడింది. ప్రేమయ్య భార్య. కమలాపురం బస్సు దిగి ఎండలో నడిచొచ్చినట్టుంది, కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"సంచి సర్దినాడన్నా. రేపు తెల్లార్తో బండి. ఆడ సత్రంలో గిన్నెలు కడుక్కుంటా ఉండిపోతాడంట, మళ్ళ రాడంట. పలక మీద రాసి నా ముందర పెట్టినాడు. ఒగసారి వచ్చి చెప్పన్నా, నువ్వంటే ఇంటాడు."

"ఆయన క్యాసెట్లేసి వినిపించకపోతివా?" అంది మహాదేవి, మంచినీళ్ళిస్తూ.

"వేసినా వదినా. టేపురికార్డరు తీసకపోయి బర్రెల కొట్టంలో పెట్టొచ్చినాడు. అయినా పద్యాలెవురికి కావాల? ఇంట్లో మాట లేదు. రెండేండ్లనుంచి అడిగేదీ నేనే, చెప్పేదీ నేనే. కొట్లాట గూడా రెండు పక్కలా నేనే ఆడల్ల."

మహాదేవికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. వీరభద్ర అరచేతిలో ఎడమ దిండు నుంచి ఒక రేకు లేచి రెపరెపలాడింది.

"బాగొచ్చిందా వీరభద్రన్నా? నిజం చెప్పు. నా మనసుకోసం చెప్పాకు."

ప్రేమయ్య గొంతు. కొంచెం ఆయాసం, వెనక ఎవరో సోడా తాగుతున్న చప్పుడు.

గంగక్క గ్లాసు కింద పెట్టింది. "ఇది మీ ఇంట్లో ఎన్నాళ్ళనుంచి రాలతాండాది వదినా?"

"శానా దినాలయింది" అంది మహాదేవి. ఆమె చూపు చీపురు మీదికి పోయింది. "చెత్తబండికి ఏసినానమ్మా. మాటలని చూసుకోలేదు."

వీరభద్ర లేచి ఫ్యాను ఆపాడు. మిగిలిన దిండును స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

కమలాపురం బస్సు గుంతలో దిగినప్పుడల్లా డబ్బా పలికింది. "ఎవురప్పా వెనక పద్యం?" అన్నాడు కండక్టరు. డబ్బా చూపిస్తే తల ఊపి ముందుకు పోయాడు. పక్క సీటు ముసలాయన తొడ మీద తాళం వేస్తూ, పద్యం సగంలో ఆగినచోట మిగతా సగం తనే అందుకున్నాడు. ఆ రోజుల్లో ఈ దారిలో ఏ టీకొట్టు ముందు బస్సాగినా ప్రేమయ్య వినిపించేవాడు. బస్సు కదిలిపోతుందని తెలిసి కూడా పద్యం పూర్తయ్యేదాకా గ్లాసు దించనివాళ్ళు ఉండేవాళ్ళు. వీరభద్ర మోకాళ్ళ మీద డబ్బా పట్టుకొని వెల్వెట్టు గురించి ఆలోచించాడు. గాలి ఆడే గుడ్డలో ఏం నిలుస్తుంది? తిరిగిపోయాక ఓబులేసు దగ్గర గొర్రెతోలువే తీసుకోవాలి. చెమట పడితే పట్టనీ.

ప్రేమయ్య అరుగు మీద కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. స్తంభం పక్కన సంచి, దాని మీద మడిచిన దుప్పటి. స్నేహితుణ్ణి చూసి జరిగి చోటిచ్చాడు. గంగక్క నేరుగా వంటింట్లోకి పోయింది.

వీరభద్ర పేపరు పరిచి, దిండును మెల్లగా నలిపాడు. నల్లటి రేకులు రాలాయి. వేలితో ఒకదాన్ని తాకితే రాగం లేచింది. నలభై ఏళ్ళ వయసు గొంతు, ఎక్కడా తడబాటు లేకుండా పైకి పోయి, అక్కడే నిలబడి, తీరిగ్గా దిగొచ్చింది. ప్రేమయ్య ముఖం తిప్పుకున్నాడు. పలక తీసి రాశాడు: "పాతవి. నాకేమిటికి?"

వీరభద్ర వేలు వెనక్కి తీసుకున్నాడు. గొంతు వినిపిస్తే చాలు, మనిషి ఆగిపోతాడని అనుకొని వచ్చాడు. ఆ గొంతే మనిషిని తరిమేటట్టుంది.

ప్రేమయ్య లేవబోయాడు. చెనిక్కాయల దుమ్ముకేమో దగ్గు తెర ముంచుకొచ్చింది. పేపరు మీదికి వంగి, మెడ దగ్గర గుడ్డ పట్టుకొని దగ్గాడు. రేకులు లేచి చెదిరాయి. ఒకటి రెండు తడిగుడ్డకు అంటుకున్నాయి. దగ్గు తగ్గి అతను ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి గుడ్డలోంచి వస్తూ రేకును కదిపింది.

"నీళ్ళుండాయా?"

"తెస్తాండా, ఆగు!" అంది గంగక్క వంటింట్లోంచి. చెంబుతో గబగబా వచ్చి, గడప దాటాక ఆగిపోయింది. ప్రేమయ్య కూడా అట్లాగే వంగి ఉండిపోయాడు. తర్వాత చెయ్యి చాపి చెంబు అందుకొని మొత్తం తాగాడు.

సంచి వైపు చూడకుండా పేపరు ముందు బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఒక్కొక్క రేకును వేలితో తాకి విని, రాగాలన్నీ ఒక పక్కకు నెట్టాడు. మాటలు తన వైపు లాక్కున్నాడు. వేలు తడిచేసి ఒక్కొక్కటీ గుడ్డకు ఆనించి ఊపిరి వదిలాడు.

"టీ చెప్పినారా?"

"ఫ్యానెయ్యండప్పా, ఉడికిపోతాండా."

"ఈ తబలాయప్ప కండ్లు తెరుచుకోనే నిద్రపోతాండాడు."

వీరభద్ర పడీపడీ నవ్వాడు. ప్రేమయ్య భుజాలు కూడా కదిలాయి. గంగక్క స్తంభానికి ఆనుకొని ఇదంతా చూసింది. నవ్వలేదు.

"మాటలు బాగానే ఏరుకుంటాండావు. రేపు శ్రీశైలం బండికి పోతావా, ఉంటావా? పలక మీద రాసేది చదవను నేను. రెండేండ్లు చదివినా. గొంతుతో చెప్పు."

ప్రేమయ్య రేకులన్నీ మళ్ళీ వెతికాడు. ఉంటానన్న మాట వాటిలో లేదు. స్టూడియోలో ఆ మాట ఎవరంటారు? అందరూ పని ముగించుకొని పోవాలని చూసేవాళ్ళే. అతను దిండును తిప్పి తిప్పి చూసి, కుట్టు దగ్గర అంటుకొని ఉన్న ఒక చిన్న పెచ్చును గోటితో ఒలిచాడు. చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. మళ్ళీ విన్నాడు. వీరభద్రకు ఏమీ వినపడలేదు. అరుగు కింద కోడిపెట్ట ఒకటి చెనిక్కాయ పొట్టు కెలుకుతోంది.

ప్రేమయ్య ఆ పెచ్చును గుడ్డ కింద జాగ్రత్తగా ఆనించుకొని, గంగక్క వైపు తిరిగి ఊపిరి వదిలాడు.

"టైమైపాయె. ఇంటికి పోవల్లప్పా నేను. గంగి తినకుండా కాచుకోనుంటాది."

గంగక్క ఆ స్టూడియో గడప ఎన్నడూ తొక్కలేదు. ఆ మాట ఎప్పుడూ వినలేదు. ముక్కు చీది, సంచీ దుప్పటీ రెండూ చంకన పెట్టుకుంది.

"ఎవురు కాచుకునింది? నేనెప్పుడో తినేసేదాన్ని" అని లోపలికి పోయింది.