రంగు కింద ఇనుము

“నెలలు నిండిన పిల్ల. నొప్పులు మొదలయ్యాక ఈ బండి మొరాయిస్తే మన గతేంట్రా?”

తల్లి వాకిట్లో నిలబడి ఈ మాట అనేటప్పటికి ఇంకా ఎవరూ కారు జోలికే పోలేదు.

“నీ నోట ఒక్కసారైనా మంచిమాట రాదు కదమ్మా” అని విసుక్కుంటూ చిన్నాడు వెళ్ళి సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. టిక్‌మంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టిక్‌మంది. అంతే.

తల్లికి ఆ చప్పుడు కొత్త కాదు. రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున, వెనక సీట్లో భర్త గుండె పట్టుకుని ఆమె ఒళ్ళోకి ఒరిగిపోతుంటే ఇదే కారు ఇలాగే టిక్కుమని ఊరుకుంది. అంబులెన్సు వచ్చేసరికి ఆయనకు దానితో పని లేకపోయింది.

ఆ రోజు పెద్దాడు బానెట్ ఎత్తి చూసి, “రాత్రంతా లైట్లు వదిలేశాడమ్మా వీడు. బ్యాటరీ చచ్చింది. నాన్నని చంపింది వీడే” అన్నాడు. “ఆపానన్నయ్యా, నాకు బాగా గుర్తు” అని చిన్నాడు మొత్తుకున్నాడు. ఆ వారంలోనే పెద్దాడు కొత్త బ్యాటరీ తెచ్చి బిగిస్తే బండి ఒక్క తిప్పుకే అందుకుంది. ఇంకేం కావాలి? నేరం రుజువైపోయింది. చిన్నాడు తల్లి మొహం కేసి చూశాడు. ఆమె వాడి వీపు నిమిరి, “ఏమో నాన్నా, కంగార్లో మర్చిపోయుంటావులే” అంది. ఓదారుద్దామనే అంది. వాడు ఆమె చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

ఆ తర్వాత పెద్దాడు రెండు వీధుల అవతల వేరే ఇల్లు చూసుకున్నాడు. అన్నదమ్ముల మధ్య మాటల్లేవు.

ఇప్పుడు ఆ పెద్దాడికే ఆమె ఫోన్ చేసింది. వాడు మెకానిక్కు కాదు. కార్లకు సొట్టలు తీసి రంగులేసే షెడ్డులో పని. ఎవరినైనా మెకానిక్కుని పిలుస్తానని చిన్నాడు అన్నా ఆమె పడనివ్వలేదు. బండి వంకతో ఇద్దర్నీ ఒకచోట నిలబెట్టాలని ఆశ. నిలబెట్టాక పానాలు తీసుకుని కొట్టుకుంటారేమోనని భయం.

పెద్దాడు వచ్చాడు. తమ్ముడి వైపు చూడకుండా బానెట్ ఎత్తాడు. లోపలంతా ఆకుపచ్చ రంగు ఇంకా నిగనిగలాడుతోంది. తండ్రి పోవడానికి కొద్దిరోజుల ముందు, సెలవు పెట్టుకుని, వైర్లన్నీ విప్పి మరీ వాడు వేసిన రంగు. “కనపడని చోట సోకెందుకురా?” అన్నాడు తండ్రి. అంటూనే వీధిలో దొరికిన వాళ్ళందరికీ బానెట్ ఎత్తి చూపించాడు.

“అమ్మా, తాళం తిప్పమను.”

“తిప్పమంటున్నాడ్రా.”

“తిప్పానని చెప్పు.”

“తిప్పాడట.”

“నాకేం చెవుడు లేదు, విన్నాను. లైట్లు వేసి తిప్పమను.”

“ఒరేయ్, లైట్లు వేసి...”

కిటికీలోంచి చిన్నకోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. “మీకు టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం ఇవ్వాలత్తయ్యా!”

“నువ్వు నవ్వకే తల్లీ, ఇప్పుడే నొప్పులొచ్చి చస్తాం!”

తాళం తిప్పగానే లైట్లు మిణుకుమని గుడ్డివైపోయాయి. పెద్దాడు బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు. “నిక్షేపంలా ఉందే” అని గొణిగాడు, అదేదో చెడ్డవార్త అయినట్టు. బ్యాటరీకి తగిలించిన వైర్ల బిళ్ళలు విప్పి గీకి మళ్ళీ బిగించాడు. స్టార్టరు మీద పానాతో నాలుగు తట్టాడు. టిక్కే.

తర్వాత సంచిలోంచి లావుపాటి వైరు తీసి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కీ, రెండో కొస నేరుగా ఇంజనుకీ పట్టించి, “తిప్పమను” అన్నాడు. తల్లి నోరు తెరిచేలోపే చిన్నాడు తిప్పాడు. బండి గర్జించింది. ఆపించి, వైరు తీసి, మళ్ళీ తిప్పమన్నాడు. టిక్.

“అంటే ఏంట్రా? పెద్ద జబ్బేనా?” అంది తల్లి.

పెద్దాడు బ్యాటరీ నుంచి బాడీ రేకుకు పోయే నల్ల వైరు వెంట వేలు పోనిచ్చి, బోల్టు దగ్గర దాన్ని పట్టుకుని అటూ ఇటూ గుంజాడు. “ఇప్పుడు తిప్పమను.” బండి ఒక్క తిప్పుకే అందుకుంది.

కొత్త బ్యాటరీ పెట్టిన రోజు కూడా వాడు ఆ వైరును అలాగే గుంజి పెట్టడం తల్లికి గుర్తొచ్చింది.

వాడు బోల్టు విప్పాడు. తల్లి టార్చి పట్టింది. వైరు చివరి బిళ్ళ ఆనిన చోట కూడా ఆకుపచ్చ రంగే, గీత పడకుండా, అద్దంలా ఉంది. “కరెంటు పారాలంటే ఇనుముకి ఇనుము తగలాలి” అన్నాడు తనలో తను. “గీకకుండా, రంగు మీదే బిగించి...” 

ఆమెకు అర్థమైంది. కొడుకు మొహంలోకి చూసి హడలిపోయింది. ఇది తెలిసి వీడు ఏమైపోతాడు? తిండి తింటాడా? ఏ అఘాయిత్యమైనా చేసుకుంటే?

“ఒరేయ్, చెప్పకు” అంది చెవిలో. “బ్యాటరీయేనని అనేద్దాం. వాడికెలాగూ ఆ నింద అలవాటైపోయిందిరా.”

అని వెనక్కి తిరిగింది. చిన్నాడు ఎప్పుడు దిగాడో, వెనకే నిలబడి ఉన్నాడు.

 కిటికీలో కోడలు నవ్వు ఆపేసింది.

“ఏంటన్నయ్యా లోపం?” అన్నాడు చిన్నాడు. మధ్యలో తల్లిని పెట్టకుండా నేరుగా అడిగాడు. ఆమె కూడా ఆ మాట అందించలేదు. 

పెద్దాడు జేబులోంచి ఉప్పుకాగితం ముక్క తీసి రేకును రుద్దడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ పొడి వేళ్ళ మీద రాలింది. రుద్దాడు, రుద్దాడు, తెల్లటి ఇనుము బయటపడ్డాక కూడా రుద్దుతూనే ఉన్నాడు. తర్వాత వైరు పెట్టి బోల్టు బిగించాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

చిన్నాడు వెళ్ళి తాళం తిప్పాడు. బండి స్టార్టయింది. ఆపేసి, తలుపు తీసే ఉంచి, మళ్ళీ అడిగాడు.

“నిన్నే అన్నయ్యా. లైట్లా?”

పెద్దాడు బానెట్ దించాడు. దాని మీద రెండు చేతులూ ఆనించాడు.

“లైట్లు కాదురా” అన్నాడు చివరికి. “రంగు. నేను వేసిన రంగు.”