ఇడ్లీ కొట్టు ముందు దిగిన సింహాసనం

నేను ఒక సింహాసనాన్ని. నవ్వకండి. అచ్చమైన టేకుతో చేసినదాన్ని, పూత రాలితే పురుగు బయటపడే రకం కాదు. నా చేతులకు రెండు సింహాలున్నాయి. నన్ను చెక్కిన వీరాచారి సింహాన్ని ఎన్నడూ చూసినవాడు కాదు. అందుకని వాటికి తన పెంపుడు కుక్క మొహమే పెట్టేశాడు. బంగారు రంగు వేశాక ఎవరూ పోల్చుకోలేదు. లైట్లు పడితే బ్రహ్మాండంగా ఉంటాయి.

నన్ను చేయించింది రేపల్లె ప్లీడరు ఈమని విశ్వేశ్వరం గారు. మా ఊరి నాటక సమాజానికి ఆయనే పోషకులు. తెరలూ, కిరీటాలూ, మైకూ అన్నీ ఆయన చలవే. నాటకమంటే చెవి కోసుకుంటారు. కానీ పాపం, ఆయన గొంతు మూడో వరస దాటదు. అందువల్ల జన్మలో ఒక్క వేషం కూడా దొరకలేదు. సమాజానికి సొంత గది లేదు కాబట్టి, నాటకం లేని రోజుల్లో నా మకాం ఆయన వరండాలోనే.

ఆ వరండాకు పొద్దున్నే చుట్టుపక్కలవాళ్ళు సలహాలకు వస్తారు. పక్కింటివాడు ప్రహరీ ఇటు జరిపాడని ఒకరు, కొన్న వారానికే మిక్సీ కాలిపోతే కొట్టువాడు మొహం చాటేస్తున్నాడని ఒకరు. వచ్చినవాళ్ళను ప్లీడరు గారు నా మీద కూర్చోబెట్టి, తాను స్టూలు మీద కూర్చుంటారు. “మీ కష్టం చెప్పుకునేటప్పుడు మీరే రాజు, నేను మంత్రిని” అంటారు. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. సాయంత్రం చక్రవర్తి కూర్చునే చోట పొద్దున చేపల గంప దించి వచ్చిన మనిషి కూర్చోవడమేమిటి, హవ్వ! కానీ పోనుపోను ఒకటి గమనించాను. గుమ్మం దగ్గర నీళ్ళు నమిలినవాళ్ళు కూడా నా మీద కూర్చోగానే నడుం నిటారుగా పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు. అదంతా నా మహిమేనని తేల్చుకున్నాను. ఆ తర్వాత నాకు ఎవరు కూర్చున్నా అభ్యంతరం లేకపోయింది.

ఇక స్టేజీ మీద నా రాజు కోదండం. పగలు బస్సు డిపోలో మెకానిక్కు. గొంతెత్తి పద్యం అందుకున్నాడంటే బస్టాండు దాకా వినబడాల్సిందే. జనం వన్స్‌మోర్ కొడితే పొంగిపోతాడు, కొట్టకపోతే అలుగుతాడు. అందుకే ముందు జాగ్రత్తగా ఇద్దరు స్నేహితుల్ని రెండో వరసలో కూర్చోబెడతాడు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఒక ఏడు సమాజం వార్షికోత్సవం వచ్చింది. విశ్రాంతి సమయంలో ప్లీడరు గారికి శాలువా కప్పి, కొత్త తెర మీద ఆయన పేరు రాయిస్తామన్నారు సభ్యులు. ఆయన చేతులు అడ్డంగా ఊపేశారు.

“ప్లీడర్లు ప్రచారం చేసుకోకూడదయ్యా. పేరూ వద్దు, శాలువా వద్దు. ఆ కాసేపు స్టేజీ నాకివ్వండి. జనం అడిగినదానికి సలహా చెబుతాను.”

కోదండానికి ఇది మింగుడు పడలేదు. “ఇంటర్వెల్లో సోడాలు తాగాలిగానీ సెక్షన్లేందండీ! జనం లేచిపోతే నా రెండో అంకం ఎవురికి ఆడాలి?” అని గొణిగాడు.

సరిగ్గా వార్షికోత్సవం రోజే రాహేలమ్మకు పీకల మీదికి వచ్చింది. బస్టాండు వెనక ఇడ్లీ కొట్టు ఆమెది. మొగుడు పోయాక ఆ కొట్టుతోనే ఇద్దరాడపిల్లల్ని చదివిస్తోంది. కొట్టు గది చలపతి గారిది. అక్కడ సెల్‌ఫోన్ల షాపు పెట్టించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. అద్దె కట్టలేదనే సాకు కోసం మొదట అద్దె తీసుకోవడమే మానేశాడు. ఆ రోజు పొద్దున వచ్చి, “రేపు తాళం వేస్తున్నా, నీ గిన్నెలు నువ్వు తీసుకుపో” అనేశాడు. ఆ చలపతి గారే మా వార్షికోత్సవానికి ముఖ్య అతిథి. మెడలో బంతిపూల దండతో ముందు వరసలో కూర్చున్నాడు.

విశ్రాంతి వేళ ప్లీడరు గారు నన్ను స్టేజీ ముందుకు లాగించారు. “అడగదలచుకున్నవాళ్ళు వచ్చి ఇక్కడ కూర్చోండి” అన్నారు. ఎవరూ కదల్లేదు. అందరూ పక్కవాళ్ళ మొహాలు చూసుకున్నారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి రాహేలమ్మ లేచింది. స్టేజీ ఎక్కిందిగానీ కూర్చోలేదు, కొంగు గుప్పిట్లో నలుపుతూ నిలబడిపోయింది.

“అరెరె, నా సింహాసనం మీద ఎవుర్ని కూర్చోబెడతన్నారండీ!” అంటూ కోదండం కిరీటంతో సహా దూసుకొచ్చాడు. వచ్చి, ఆమెను చూసి ఆగిపోయాడు. డిపోకు పోయే ముందు రోజూ తినేది ఆమె ఇడ్లీలే. “నువ్వా అక్కా? కూర్చో, కూర్చో” అని కొంగొత్త గొంతుతో అన్నాడు.

ఆమె కూర్చుంది. ఆమె వణుకు నా కాళ్ళ దాకా తెలిసింది. “నా కొట్టుకి రేపు తాళమేస్తారంటండీ. పిల్లల్ని ఏసుకుని నేనెక్కడికి పోవాల?” అంది. తాళం వేసేది ఎవరో చెప్పలేదు. చలపతి గారికి మాత్రం దండ మెడకు గుచ్చుకోవడం మొదలైంది.

ప్లీడరు గారు సమాధానం చెప్పారు. చక్కగా, వివరంగా చెప్పారు. ఏం లాభం? మైకు కుయ్యిమంది. “వినపళ్ళా!” అని జనం అరిచారు. ఆయన ఇంకాస్త గట్టిగా చెప్పబోయి దగ్గు తెచ్చుకున్నారు. రాహేలమ్మ లేచి వెళ్ళిపోబోయింది. నా గుండె జారిపోయింది. సింహాసనానికి గుండెలేమిటంటారేమో, ఆ క్షణం అక్కడుంటే మీకు తెలిసేది.

కోదండం ఆమెను చెయ్యి చూపి ఆపాడు. ప్లీడరు గారి నోటి దగ్గర చెవి పెట్టి ఒక్క మాట విన్నాడు. తిరిగి జనం వైపు నిలబడ్డాడు. మామూలుగా చెబితే సరిపోయేది, కానీ ఆ మనిషికి స్టేజీ మీద మామూలుగా మాట్లాడటం రాదే! రాగం ఎత్తుకున్నాడు.

“నోటీసు లేకుండా… ఆ… ఆ… ఆ… కోర్టు తీర్పు లేకుండా… తాళమేయుట తగునా… తగదూ… తగదూ…”

పందిరి దద్దరిల్లింది. “వన్స్‌మోర్!” ఈసారి అరిచింది ఆ ఇద్దరు స్నేహితులు కాదు, ఊరు ఊరంతా. ప్లీడరు గారు ఒక్కో మాటా అందిస్తున్నారు, కోదండం ఒక్కో మాటా ఆకాశానికి ఎత్తుతున్నాడు. “అద్దె తీసుకోకుంటే… మనియార్డరు పంపు తల్లీ… ఆ రసీదు దాచు తల్లీ…” మళ్ళీ వన్స్‌మోర్! మూడో వరస దాటని ఆయన మాట ఆ సాయంత్రం బస్టాండు దాటింది. ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. అబ్బ, ఎంత సంతోషం వేసిందో నాకు!

మర్నాడు పొద్దున నన్ను బండి మీద ప్లీడరు గారింటికి తోలుకెళుతున్నారు. దారిలో బండివాడు టిఫినుకని ఇడ్లీ కొట్టు ముందు ఆపాడు. చూద్దును కదా, తిరునాళ్ళలా జనం! నిన్న నాటకం చూసినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. చెవుల వెనక రంగు కడుక్కోకుండానే కోదండం బల్ల మీద ఇడ్లీ తింటున్నాడు. చోటు చాలక నన్ను కూడా దింపి అరుగు పక్కన వేశారు.

చలపతి గారు తాళం చేత్తో పట్టుకుని వచ్చాడు. కోదండం తలెత్తలేదు. ఇడ్లీ నములుతూనే సన్నగా నిన్నటి “తగదూ… తగదూ…” రాగం తీశాడు. చలపతి గారి చెయ్యి తాళంతో సహా జేబులోకి వెళ్ళిపోయింది.

“నిలబడ్డారేంది బాబుగారూ, కూర్చోండి” అంది రాహేలమ్మ. ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. గత్యంతరం లేక ఆయన నా మీద కూర్చున్నాడు. నా మీద కూర్చున్నవాళ్ళకు సలహా చెప్పడం ఆనవాయితీ కదా. రాహేలమ్మ ఆయన చేతిలో ఇడ్లీ పళ్ళెం పెట్టి, ఎదురుగా నిలబడి చెప్పింది.

“మీకు గది కావాలంటే కాయితం పంపండి. కోర్టు ఏం జెబితే అది ఇంటాను. అప్పటిదాకా నా కొట్టు తీసే ఉంటది.”

ఆ గొంతులో వణుకు లేదు. చలపతి గారు తల వంచుకుని ఇడ్లీ తుంచాడు.

ఆ కాగితం ఇప్పటికీ రాలేదు. నా బంగారు రంగు చాలావరకు రాలిపోయింది, కుక్క మొహాలు బయటపడ్డాయి. ఎడమ సింహం మూతి మీద చలపతి గారు ఒలకబోసిన అల్లం పచ్చడి మరక మాత్రం అలాగే ఉంది. కొత్తగా రంగు వేయిస్తామని సమాజం వాళ్ళు వచ్చినప్పుడల్లా ప్లీడరు గారు అడ్డుపడతారు. వరండాకు ఎవరైనా భయపడుతూ వస్తే, ముందు ఆ మరక చూపించి ఆ పొద్దుటి కథ చెబుతారు. ఆ పొద్దున రాహేలమ్మ మాట పూర్తికాగానే జరిగినదానితోనే ఎప్పుడూ ముగిస్తారు. బల్లల మీద నుంచి ఎవరో “వన్స్‌మోర్!” అని అరిచారు. రాహేలమ్మ గరిటె పక్కన పెట్టి, మొత్తం మళ్ళీ చెప్పింది.