ఆత్మారాం ఇంటి బాల్కనీ

నిజామాబాద్‌లో సుష్మ ఆఫీసు మెట్లెక్కినవారు మొదట అడిగే మాట, "సార్ లేరా?" అని. ఆర్కిటెక్ట్ సుష్మ అని బోర్డు మీద ఉన్నా అడుగుతారు. బడులు, ఫంక్షన్ హాళ్లు, ఎన్నో ఇళ్లు ఆమె గీసినవే ఈ జిల్లాలో నిలబడ్డాయి. ఆ ప్రశ్నకు మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత కుర్చీ చూపించి, అన్నీ నేనే అనడం అలవాటు చేసుకుంది.

ఆ ఆదివారం బోధన్‌లో ఆత్మారాం ఇంటికి స్లాబ్ వేస్తున్నారు. చెరకు మానేసి పసుపుతో నిలదొక్కుకున్న రైతు అతను. వీధి వైపు పెద్ద బాల్కనీ కావాలని పట్టుబట్టి గీయించుకున్నాడు. సెలవు కాబట్టి సుష్మ భర్త సాయిరాం కారు నడుపుతూ వెంట వచ్చాడు.

స్లాబ్ కింద దన్నుగా కట్టిన సెంట్రింగ్ చెక్కల మీదికెక్కగానే సుష్మకు తప్పు కనబడింది. గోడ దాటి బయటికి వచ్చే బాల్కనీకి లావు ఇనుప సలాకలు స్లాబ్ మందంలో పైవైపున ఉండాలి. బరువు పడితే అది పైనుంచే పగులుతుంది. మేస్త్రి రాజమల్లు మాత్రం గదులకు కట్టినట్టే కింద కట్టించాడు. పైకెత్తి కట్టేదాకా కాంక్రీటు పోయవద్దని ఆమె చెప్పింది. ఇట్లనే ఎన్నో పోసినమని మేస్త్రి నవ్వాడు. కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతోంది, కూలీలు తట్టలతో నిలబడ్డారు, ఆత్మారాంకేమో తొందర.

"ఆగుండ్రి మేడం, సార్‌ను ఒక్కమాట అడిగొస్త" అని ఆత్మారాం కింద కారు దగ్గరున్న సాయిరాం వద్దకు దిగాడు.

"నాది బ్యాంకు పని. సలాకల సంగతి నాకేం ఎరుక? ఆమెనే అడుగుండ్రి" అన్నాడు సాయిరాం.

ఆత్మారాం మొహం చిన్నబోయింది. అక్కడినుంచే మేస్త్రికి పోయమని సైగ చేశాడు. సుష్మ వెళ్లి ఆ సలాకల మీదే నిలబడింది. రేపు అక్కడ పిల్లలు ఆడతారు. ఏమైనా జరిగితే తనను తాను క్షమించుకోగలదా?

కూలీలకు చాయ తెచ్చిన ఆత్మారాం తల్లి గంగుబాయి అంతా చూసింది. మిల్లర్ బంద్ చేయించి కొడుకు దగ్గరికి వచ్చింది.

"నిరుడు నీ కడుపు కోసి రాళ్లు తీసింది ఆడ డాక్టరే గదరా. కోసే ముందు ఆమె మొగన్ని అడిగినవా?"

ఆత్మారాం మళ్లీ పైకెక్కాడు. మేడం చెప్పినట్టే కట్టమని మేస్త్రికి చెప్పాడు. సలాకలు పైకి లేచాయి. సుష్మ ఒక్కొక్కటీ చూసుకున్నాకే కాంక్రీటు పడింది.

పని నేర్చిన ఆడమనిషి మాటకు మగవాడి సాక్ష్యం అడగడం మనకు చిన్న అలవాటుగానే కనిపిస్తుంది. ఆ చిన్న అలవాటే ఆ రోజు ఒక ఇంటి బాల్కనీని కూల్చబోయింది.