కెమెరాలో సారుకు చాయ్

దుర్గయ్యకు డిగ్రీ అంటే వల్లమాలిన గౌరవం. అబిడ్స్‌లో చెప్పుల దుకాణం నడిపే ఆ మనిషి, కూతురు చంద్రికకు డిప్లొమా అయిందో లేదో బీటెక్ జపం మొదలుపెట్టాడు. చంద్రికకేమో ఆ పేరెత్తితేనే ఒళ్ళు మండుతుంది. కంప్యూటర్ పనికి పనికొచ్చే క్లౌడ్ సర్టిఫికెట్ ఒక్కటి చేతికొస్తే చాలు, ఉద్యోగంలో చేరిపోవాలని ఆమె ఆరాటం. ఆఖరికి ఇద్దరూ ఒప్పందానికొచ్చారు.

"పరీక్ష పాసైతే నీ ఇష్టం. తప్పితే సోమవారం కాలేజీల చేరుడే," అన్నాడు దుర్గయ్య.

పరీక్ష ఇంట్లోనే, లాప్‌టాప్ మీద. ఎక్కడో కూర్చున్న సారు కెమెరాలోంచి కనిపెట్టి చూస్తుంటాడు. గదిలోకి ఇంకో మనిషి వచ్చినా, పెదవి కదిపినా పరీక్ష రద్దు. నాంపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఏకాంతమట! ఈ నియమం పెట్టినవాడి బుద్ధికి దండం పెట్టాలి.

"సారు చూస్తుంటడు, జర ఎవ్వరూ లోపలికి రాకున్రి," అని చంద్రిక ఇంటిల్లిపాదికీ పదే పదే చెప్పింది. నాయనమ్మ కిష్టవ్వ అన్నిటికీ ఔ ఔ అంది. కానీ ఇంటికొచ్చిన సారును చాయ్ చుక్క ఇవ్వకుండా కూర్చోబెట్టడం ఆమె ఇంటా వంటా లేదు.

సగం ప్రశ్నలు చకచకా అయిపోయాయి. చంద్రిక మంచి హుషారు మీదుంది. అంతలో తలుపు కిర్రుమంది. తలమీద కొంగు సర్దుకుంటూ కిష్టవ్వ వచ్చింది, చేతిలో చాయ్, సాసర్‌లో రెండు ఉస్మానియా బిస్కట్లు.

"దండాలు సారూ. పొద్దటిసంది గట్లనే కూసున్నరు. జర చాయ్ తాగున్రి," అంటూ కప్పు తీసుకెళ్ళి కెమెరా ముందు పెట్టింది.

చంద్రికకు నోరు విప్పడానికి లేదు, కళ్ళతోనే బతిమాలింది. తల్లిని లాక్కుపోదామని దుర్గయ్య ఉరికొచ్చాడు. దాంతో గదిలో ముగ్గురయ్యారు. తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి, పరీక్ష రద్దయిందని.

"మాట గూడ మాట్లాడకపాయె. ఏం సారు గీయన!" అని కిష్టవ్వ మూతి తిప్పుకుంది.

చంద్రిక భోరుమంది. సోమవారం ఎల్లుండే. పందెం గెలిచిన దుర్గయ్య ముఖం మాత్రం పాలిపోయింది.

"ఏడ్వకు బిడ్డా. గిట్ల గెలుసుడు నాకొద్దు. మల్ల రాయి. గప్పటిదాంక కాలేజీ పేరెత్తను," అన్నాడు.

మరుసటి ఆదివారం మళ్ళీ పరీక్ష. కిష్టవ్వతో సహా ఇంట్లోవాళ్ళందరినీ మొజంజాహీ మార్కెట్‌కు ఐస్‌క్రీమ్ తినడానికి పంపేసి, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాలవాణ్ణి తరిమాడు, పక్కింటివాళ్ళను తరిమాడు, పాపం పిల్లిని కూడా తరిమాడు. చంద్రిక పాసైపోయింది! పరుగెత్తుకొచ్చి ఫోన్‌లో సర్టిఫికెట్ చూపించింది.

దుర్గయ్య మురిసిపోయాడు. ఫోన్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "మంచిగనే ఉంది. కని..." అంటూ నసిగాడు.

"కని ఏంది బాపూ?"

"డిగ్రీవోళ్ళు ఏసుకునే నల్ల గౌన్ల నీ ఫోటో గోడకు పెట్టుకుందామనుకున్న."

చంద్రికకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ సాయంత్రమే అబిడ్స్‌లో ఫోటో స్టూడియోకు వెళ్ళారు. కిరాయి గౌను నేలమీద ఈడుస్తోంది, టోపీ ముక్కు మీదికి జారుతోంది.

"ఏ కాలేజీ అమ్మా?" అని అడిగాడు ఫోటోగ్రాఫర్.

ఆమె జవాబు చెప్పేలోపే దుర్గయ్య ఛాతీ విరుచుకున్నాడు.

"మా ఇల్లే! గేటు కాడ నేనే ఉన్న."